నెమలికంఠం కుండీ

కోట్లు కుట్టే దర్జీకి ముప్ఫై ఏళ్ళలో బాగా ఒంటబట్టిన విద్య ఒకటే. బట్టలో కలిసిపోయే రంగు దారం ఎంచుకోవడం. కుట్టు కనబడిందంటే పరువు పోయినట్టే. కుండీల్లో పెంచే మరుగుజ్జు చెట్ల, అదే బోన్సాయ్‌ల, పిచ్చి పట్టాక ఆ విద్య అక్కడా పనికొచ్చింది. చెట్టు చూడ్డానికొచ్చినవాడి కన్ను కుండీ మీద ఆగకూడదని బోన్సాయ్ సంఘం వాళ్ళ పట్టుదల. అందుకే ఆయన చెట్లన్నీ మట్టిరంగు కుండీల్లో ఉండేవి, ఒక్క దానిమ్మ తప్ప.

ఆ దానిమ్మ ఎత్తు మూరెడు, వయసు పన్నెండేళ్ళు. కొమ్మలకు తీగ చుట్టి వంచింది ఆయన. ఆయన కొట్లో ఉన్న వేళల్లో రోజూ రెండు పూటలా నీళ్ళు పోసింది భార్య. పోయిన చలికాలం, వేర్లు కత్తిరించి కుండీ మార్చాల్సిన సమయానికి, ఆవిడ తనంతట తనే బజారుకెళ్ళి నెమలికంఠం రంగు కుండీ మోసుకొచ్చింది. అది తళతళా మెరిసిపోతోంది.

"ఎలా ఉంది?" అంది.

ఆయన కుండీ మెరుపు చూశాడు. ఆవిడ ముఖం చూశాడు. "బాగుంది," అని చెట్టును అందులోనే నాటాడు.

పదకొండేళ్ళుగా ఏటా సంఘం ప్రదర్శనకు చెట్లు తీసుకెళ్తున్నా, బహుమతులిచ్చే పెద్దాయన ఆయన బల్ల దగ్గర ఆగిన పాపాన పోలేదు. ఈసారి బహుమతి దర్జీదేనని సంఘంలో అందరూ అన్నారు, కుండీ చూసేదాకా. చూశాక మాట మార్చారు. పక్కబల్ల పళ్ళ డాక్టరు మాత్రం చెవిలో, "నా దగ్గర గోధుమరంగు కుండీ ఖాళీగా ఉంది. ఇంకా గంట టైముంది, మార్చేయ్," అన్నాడు.

కాయలున్న చెట్టును ఇప్పుడు కదిపితే బతకదు. పైగా భార్య పక్కనే కుర్చీ వేసుకుని, ఎవరెవరు కుండీ చూస్తున్నారో గమనిస్తోంది. దర్జీ వద్దన్నాడు.

పెద్దాయన వచ్చాడు. ఆగాడు. చెట్టును అటునుంచీ ఇటునుంచీ అయిదు నిమిషాలు చూశాడు.

"మొదలు అద్భుతం. కొమ్మల వంపు అద్భుతం," అన్నాడు పెద్దాయన. "ఇంతకీ ఈ కుండీ ఎవరు ఎంచుకున్నారండీ?"

భార్య లేచి నిలబడి జుట్టు సర్దుకుంది.

"నేనే," అన్నాడు దర్జీ.

పెద్దాయన కాగితం మీద ఏదో కొట్టేసి ముందుకు పోయాడు. బహుమతి పళ్ళ డాక్టరుకు వచ్చింది.

తిరుగు బస్సులో చెట్టు దర్జీ ఒళ్ళో కూర్చుంది. భార్య ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. మూడు స్టాపులు దాటాక ఇటు తిరిగింది.

"అంత పెద్దమనిషి ఆగి మరీ అడిగాడు. నా పేరు చెబితే మీ సొమ్మేం పోయేది?"

నిజం ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడంటే ఆయనకు చచ్చేంత ఇష్టం. మింగేశాడు.

"తప్పయిపోయింది," అన్నాడు. "ఆశపడ్డాను."

"వచ్చే ఏడైనా ఉన్నదున్నట్టు చెప్పండి."

"చెప్తాను."

ఆవిడ కాస్త మెత్తబడింది. కొంగుతో కుండీ అంచు తుడిచింది. "ఆ కొట్లోనే పసుపుపచ్చది కూడా ఉంది. దీనికన్నా మెరుస్తుంది," అంది.

"తెచ్చుకుందాం," అన్నాడు దర్జీ.