పాలపొడి డబ్బాలో బియ్యప్పిండి

సూర్యకాంతం ఊరు మామిడికుదురు. అమలాపురంలో రొయ్యల జబ్బులు పరీక్షించే ఒక ప్రైవేటు ల్యాబులో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. లోపలికి వచ్చిన మనిషి టీ తాగకుండా వెళ్లడం ఆవిడకు గిట్టదు. కొరియర్ కుర్రాడిని కూడా గ్లాసు ఖాళీ చేసేదాకా కదలనివ్వదు.

మొన్న వర్షాల్లో ఒకరోజు పాలు రాలేదు. చెరువులో రొయ్యలు నీరసంగా ఉన్నాయని గంగబాబు అనే రైతు నలుగురిని వెంటబెట్టుకుని పరీక్షకు రొయ్యలు తెచ్చాడు. సూర్యకాంతం అటూ ఇటూ వెతికితే అలమారలో పాలపొడి డబ్బా కనిపించింది. అందరికీ రెండేసిసార్లు టీ ఇచ్చేసరికి డబ్బా అడుగంటింది. వెలితిగా ఉంటే బాగుండదని ఆవిడ మర్నాడు ఇంటి నుంచి బియ్యప్పిండి తెచ్చి నింపేసింది.

ఆ పాలపొడి టీ కోసం కొన్నది కాదు. అక్కడి టెక్నీషియన్ లక్ష్మీతులసి వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష చేస్తుంది. రొయ్యలోని ప్రొటీన్లను విడదీసి ఒక పల్చటి పొర మీదికి ఎక్కిస్తుంది. దానిమీద యాంటీబాడీ పోస్తే, అది వైరస్ ప్రొటీన్‌ను వెతికి పట్టుకుంటుంది. అక్కడ నల్లగీత పడుతుంది. కానీ పొరలో ఖాళీ దొరికితే యాంటీబాడీ అక్కడా అతుక్కుపోతుంది. అందుకే ముందుగా పొరను పాలపొడి నీళ్లలో నానబెట్టి, ఆ ఖాళీలన్నీ పాలలోని ప్రొటీన్లతో నింపాలి.

ఈసారి పొర మొత్తం నల్లగా వచ్చింది. ఏ జబ్బూ లేదని తెలిసిన రొయ్య కూడా నలుపే. పొడి పాతబడి కరగడం లేదనుకుని తులసి ఇంకాసేపు కలిపింది. మళ్లీ నలుపే. యాంటీబాడీ మార్చింది. తన చేతులనే తిట్టుకుంది. సూర్యకాంతం జాలిపడి పరీక్ష చేసే మిషనుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది.

మూడో రోజు తులసి క్యారేజీ విప్పలేదు. అన్నం మానేసిన మనిషిని చూసి సూర్యకాంతం ఉండలేకపోయింది. ఏం పాడైందని అడిగితే, తులసి పొర సంగతీ పాలపొడి సంగతీ చెప్పింది.

సూర్యకాంతం కొంగు మెలిపెట్టింది.

“మేడమ్ గారండి, ఆ డబ్బాలో ఉన్నది బియ్యప్పిండండి.”

“మొత్తం పిండేనాండి?”

“మిగిలిన పాలపొడి పైన చల్లేనండి, వాసనకి.”

తులసి డబ్బా మూత పెట్టేసి, ఆ రోజు టీ ఎలా ఉందని అడిగింది.

“వెన్న తీసిన పొడి కదండి, నీళ్లలా ఉంది. గంగబాబు గారు బాగుందన్నారు. పెద్దమనిషండి.”

తులసికి నవ్వాగలేదు. క్యారేజీ విప్పి, సగం అన్నం ఆవిడకు పెట్టింది.

కొత్త డబ్బా వచ్చాక పొర తెల్లగా వచ్చింది. జబ్బు ఉందని తెలిసిన రొయ్య వరసలో ఒక్క గీత. గంగబాబు రొయ్యల వరసలో ఏమీ లేదు. అప్పటికే జబ్బు భయంతో, రొయ్యలు ఎదగకముందే చెరువు పట్టేద్దామని మనుషులను మాట్లాడుకున్న గంగబాబు వాళ్లను వద్దన్నాడు.

ఇప్పుడు పాలపొడి తూచే పని సూర్యకాంతానిదే. అయిదు గ్రాములకు రవ్వంత ఎక్కువైనా ఒప్పుకోదు. పొడి ఎగిరిపోతుందని ఫ్యాన్ ఆపించి, ఎవరినీ గట్టిగా ఊపిరి కూడా తీయనివ్వదు. ఆవిడ తూకం తేలేదాకా ల్యాబంతా చెమటలు కక్కుతూ నిలబడాల్సిందే.