ఖాలా లిల్లీ మడి

లిల్లీ గడ్డ పైన ఎండినంత మాత్రాన చచ్చినట్టు కాదని నాకు తెలియదు. తెలియదని రాసుకుంటే ఎంత తేలిగ్గా ఉందో చూడండి. ఒక్క గడ్డను గోరుతో గీరి చూసినా లోపల తెల్లగా, తడిగా కనిపించేది. నేను గీరలేదు. ఆ మధ్యాహ్నం ఎండలో నా పని జల్దీ అయిపోవాలి, అంతే.

మాది సారపాక. మా ఆయన కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేస్తాడు. మేము కిరాయికి ఉండే ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడను వీధి వీధంతా ఖాలా అంటుంది, అంటే పిన్ని. నేనూ అట్లాగే పిలుస్తాను. ఆమె పుట్టింటివాళ్లకు కొత్తగూడెంలో తాతల నాటి అత్తరు దుకాణం ఉంది. షుగరు వల్ల ఖాలా చూపు ఏటికేడు తగ్గి, వెలుగూ నీడా తెలియడం వరకే మిగిలింది. ముక్కు మాత్రం ముక్కే. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా తమ్ముడు చిన్న సీసాలు పెట్టెలో సర్దుకొని బస్సెక్కి ఆమె దగ్గరికి వచ్చేవాడు. ఆమె దూది మీద ఒక చుక్క వేసుకొని, కాసేపు ఆగి, "ఇది అసలుది" అనో, "గిందుల నూనె కలిపిండ్రు, వాపస్ ఇయ్యి" అనో తేల్చేది. దుకాణంలో ఆమె మాటే ఖరారు. కళ్లు పోయినా తన పని పోలేదని ఆమెకు గర్వం, ఉండాల్సిందే.

కళ్లతో చేసే పనులకు నేనుండేదాన్ని. ఈ చీర ఏ రంగు, కరెంటు బిల్లు ఎంత వచ్చింది, పొద్దున వేసుకునే గోలీ ఏది, రాత్రిది ఏది. గోడ మీద చెయ్యి పెట్టి "బిడ్డా, జర చూడు" అనేది. నేను చెప్పేదాన్ని. ఒక్కనాడూ రెండోసారి అడగలేదు.

గోడకు అవతలి పక్కన ఆమె లిల్లీ మడి. చూపు తగ్గడం మొదలైన ఏడాది తన చేత్తో పెట్టుకున్న గడ్డలు. ఎండాకాలం సాయంత్రం కాస్త చల్లబడగానే ఆ వాసన మా వంటింటిదాకా వచ్చేది. "మసీదుల అజాకు ముందే లిల్లీలు చెప్తయ్ నాకు, పొద్దు గుంకిందని" అనేది ఖాలా. లేచి నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు నీళ్లు తోడుకునేది.

మూడేళ్ల కిందటి ఎండాకాలంలో వరంగల్‌లో ఉండే కూతురు ఆమెను కంటి దవాఖానాకు తీసుకుపోయింది. నెలన్నర అక్కడే ఉండాలన్నారు. పోతూ పోతూ ఖాలా నన్ను ఒకటే అడిగింది. "ఇల్లు సంగతి వదిలెయ్ బిడ్డా. లిల్లీలకు పొద్దుమూకి ఒక బకెట్ పొయ్యి, సాలు."

పది రోజులు పోశాను. తర్వాత రోహిణి కార్తె వచ్చింది. నల్లా రోజు విడిచి రోజు రావడం మొదలైంది. నీళ్లు లేవని నేను చెప్పుకోవచ్చు గానీ అబద్ధం. బట్టలుతికిన నీళ్లు కాలువలోకి పోతూనే ఉన్నాయి. కూలర్ ముందు నుంచి లేవబుద్ధి కాక రేపు పోద్దాంలే, ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను. ఎవరు చూడొచ్చారు అన్న మాట నేను ఎవరి గురించి అనుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఖాలా రావడానికి వారం ముందు వెళ్లి చూస్తే మడి వరిగడ్డి రంగులో ఉంది. తవ్వితే గడ్డలన్నీ ముడుచుకొని, పైన గోధుమరంగు పొట్టు. చచ్చాయనుకున్నాను. తట్టలో ఎత్తి మా ఇంటి వెనక చెత్తకుప్ప మీద పోశాను. మర్నాడే జూలూరుపాడు బస్సెక్కి, అక్కడ పూలతోట పెట్టిన ఒకాయన దగ్గరికి వెళ్లాను.

"సింగిల్ కావాల్నా, డబుల్ కావాల్నా అమ్మా?" అన్నాడు.

"ఏది మంచిది?"

"డబుల్‌కు రేకులు నిండుగుంటయ్. చూస్తానికి మస్తుంటది."

డబులే తెచ్చి ఖాలా మడిలో నాటాను. చేసిన తప్పుకు ఇంకాస్త మంచి పూలిస్తే సరిపోతుందనుకున్న బుద్ధి నాది. చూడటానికి బాగుంటాయన్నాడు, ఖాలా చూడలేదు గదా అని బుర్రకు తట్టలేదు. డబుల్‌కు వాసన తక్కువని ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఖాలా తిరిగి వచ్చింది. కళ్లకు సూదులు వేశారు గానీ పెద్దగా తేడా లేదు. "లిల్లీలు ఎట్లున్నయ్?" అంది బ్యాగు దించకముందే. "ఎండకు కొంచెం మాడినయ్ ఖాలా, మళ్ల చిగురేస్తున్నయ్" అన్నాను. నా వీపు తట్టింది.

వానలు పడ్డాక కాడలు లేచి పూలొచ్చాయి. ఖాలా రోజూ సాయంత్రం మడి పక్కన కుర్చీ వేసుకొని కూర్చునేది. మూడోరోజో నాలుగోరోజో ఒక పువ్వు తడిమి, "రేకులు ఎక్కువున్నయేంది?" అంది. ఎరువు బాగా పడిందన్నాను. ముక్కుకు ఆనించుకొని చాలాసేపు ఉంది.

"వాసన ఏడనో దూరం నుంచి వచ్చినట్టున్నది. నీకెట్ల వస్తుంది బిడ్డా?"

అదీ సమయం. అప్పుడు చెప్పి ఉంటే రెండు తిట్లతో పోయేది. నా నోట్లోంచి "మంచిగనే వస్తుంది గద ఖాలా" అన్న మాట వచ్చింది. నా బుద్ధి గడ్డి తిని అన్న మాట.

ఆమె పువ్వు కింద పెట్టింది. "మా అబ్బా అనేటోడు, వయసు మీద పడితే ముందు పూల వాసనలు పోతయని. కూర మాడితే తెలుస్తుంది, గట్టి వాసనలు తెలుస్తయ్, నాజూకువి తెల్వయ్" అంది, తండ్రి మాట తలుచుకుంటూ. ఆ తర్వాత తమ్ముడు పెట్టె పట్టుకొని వస్తే మూత తియ్యనివ్వలేదు. "నా ముక్కు మీద నాకే నమ్మకం లేదు. నేను అసలుదంటే నువ్వు కొంటవు, దుకాణం పేరు పోతది. ఇంక నా దగ్గరికి తేకు." ఆయన బతిమాలాడు. నేను పక్కనే కూర్చొని చాయ్ తాగుతున్నాను. ఆ చాయ్ పూర్తిగా తాగాను కూడా.

చలికాలంలో ఒకరోజు తన పెళ్లినాటి అత్తరు సీసా నా చేతిలో పెట్టింది. "నాకెందుకు ఇంక, నువ్వు పూసుకో." తీసుకున్నాను. బీరువాలో చీరల కింద దాచాను. ఒక్కసారి కూడా మూత తియ్యలేదు.

అంతకుముందే మా చెత్తకుప్ప మీద లిల్లీలు లేచాయి. పారేసిన గడ్డలు వానకు బతికాయి. ఆకులు చూడగానే గుర్తుపట్టాను. మళ్లీ తవ్వి ఆమె మడిలో పెట్టొచ్చు. కానీ పెడితే ఎందుకు పెడుతున్నానో చెప్పాలి. కొడవలితో కోసేశాను. ఎండాకాలానికి మళ్లీ వచ్చి కాడలు తొడిగాయి. రోజూ పొద్దున్నే వెళ్లి విచ్చకముందే మొగ్గలు తెంపేదాన్ని. మా ఆయన చూసి, "పూసే పూలను మొగ్గలనే తెంపుతవేందే?" అన్నాడు. పురుగు పట్టిందన్నాను.

గుమ్మడి తీగ కింద వంగిన ఒక కాడ నా కంటపడలేదు.

అది విచ్చిన సాయంత్రం గాలి మా ఇంటి వెనక నుంచి వీచింది. గేటు చప్పుడైతే చూశాను. ఖాలా గోడ పట్టుకొని ఒక్కతే వస్తోంది. ఆగకుండా ఇంటి వెనక్కి నడిచి, చెత్తకుప్ప ముందు నిలబడింది.

"ఇక్కడ లిల్లీ పూసింది" అంది. నా చెయ్యి గట్టిగా పట్టుకొని నవ్వింది. "వాసన వస్తుంది బిడ్డా. నా ముక్కు మంచిగనే ఉన్నది. తమ్మునికి ఫోన్ కలుపు, పెట్టె తెమ్మను." ఆమె కళ్ల వెంట నీళ్లు. నేనూ నవ్వాను, ఏం చెయ్యాలో తెలియక.

ఫోన్ తేవడానికి కదలబోతే ఆమె చెయ్యి వదల్లేదు. నవ్వు మెల్లగా తగ్గింది. "నడువు" అంది. తన మడి దగ్గరికి తీసుకెళ్లమంది. వంగి ఒక కాడ పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది. రేకులు ఒక్కొక్కటే వేళ్లతో లెక్కపెట్టినట్టు తడిమింది.

"ఇవి నావి కావు."

"అవ్, ఖాలా." అప్పుడు మొత్తం చెప్పాను. కూలర్ సంగతి, జూలూరుపాడు సంగతి, మొగ్గలు తెంపిన సంగతి కూడా. ఏడ్చాను. ఆమె కుర్చీలో కూర్చొని విన్నది.

"గడ్డలు ఎండినయంటే నిన్ను కొడుదునా? ఎండాకాలం ఎండవా ఏంది. తమ్ముణ్ణి రావద్దన్న రోజు నువ్వు నా పక్కన్నే కూసున్నవ్."



మర్నాడు కుప్ప మీది గడ్డలన్నీ తవ్వి ఆమె మడిలో నాటాను, వద్దనలేదు. అత్తరు సీసా తిరిగి ఇస్తే తీసుకొని, మూత తడిమి చూసుకొని లోపల పెట్టుకుంది. తమ్ముడు మళ్లీ పెట్టెతో వస్తున్నాడు. ఖాలా నాతో మాట్లాడటం మానలేదు. రంజాన్ పండక్కి షీర్‌ఖుర్మా పాయసం పంపుతుంది, మా ఆయనకు జ్వరమొస్తే ఎట్లుందని అడుగుతుంది. ఈ ఎండాకాలం ఆ మడి నిండా పూలే, సాయంత్రమైతే మా వంటింటినిండా ఆ వాసనే. కిటికీ మూసినా ఆగదు.

మొన్న పొద్దున గోడకు ఇవతల బట్టలు ఆరేస్తూ ఎదురింటి పనిమనిషితో మాట్లాడుతున్నాను. నా గొంతు ఖాలాకు వినిపిస్తూనే ఉంది. ఆమె ఇంటికి పాలు పోసే ఆయన వచ్చాడు. పాలగిన్నె లోపల పెట్టి, ఖాలా రెండు గోలీల షీట్లు తెచ్చి ఆయనకు చూపించింది. "తమ్మీ, పొద్దుటిది ఏదో జర చూడు."

ఆయన షీట్లు తిప్పి చూసి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. సరైనదే పెట్టాడు. ఖాలా రెండోసారి అడగలేదు.