బాపు చేరిన హాస్టల్

ఎక్కడ ఫినాయిల్ వాసన తగిలినా నాకు షాద్‌నగర్‌లో చర్చివాళ్లు నడిపే ఆశ్రమం గుర్తుకొస్తుంది. తాగుడుతో ఇల్లు విడిచి బస్టాండులో పడుకుంటున్న మా బాపును వాళ్లే తీసుకెళ్లి అక్కడ ఉంచుకున్నారు. రెండో తరగతిలో ఉన్న నాకు అమ్మ, "మీ బాపు హాస్టల్ల చేరిండు బిడ్డా" అని చెప్పింది. నేను నమ్మేశాను.

ఒక ఆదివారం చూడబోయాం. బాపు గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చేతులు మాత్రం గజగజ వణుకుతున్నాయి. హాస్టళ్లలో సార్లు కొడతారని విన్నాను కాబట్టి, దెబ్బలకు భయపడుతున్నాడనుకున్నాను. అక్కడి పెద్ద సిస్టర్ దగ్గరికి పోయి కొంగు పట్టుకున్నాను.

"మా బాపును కొట్టకుండ్రి. జర నిదానంగ నేర్చుకుంటడు."

సిస్టర్ నవ్వలేదు. నా ముందు కూర్చుని, "కొట్టం బిడ్డా. ఎన్ని దినాలైనా ఈడనే ఉంచుకుంటం" అంది. బాపు తువ్వాలలో ముఖం దాచుకున్నాడు.

తాగుడు మానేటప్పుడు అలా వణుకుతారని నర్సింగ్ చదివేటప్పుడు గానీ నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక బాపు రెండుసార్లు మళ్లీ తాగాడు. మొదటిసారి సిస్టరే వచ్చి, ఒక్క మాట అనకుండా తీసుకెళ్లింది. రెండోసారి ఆమె వచ్చేసరికి బాపు సంచి సర్దుకుని గడపలో కూర్చుని ఉన్నాడు. ఆ తర్వాత మళ్లీ తాగలేదు.