చప్టా మీద చాప

ఆ పొద్దు గౌరికి కాలు ఒకచోట నిలవలేదు. పాలు కేంద్రంలో పోసి వచ్చింది. తుడిచిన వాకిలే మళ్ళీ తుడిచింది. పెట్టెలోంచి తీసిన నేతచీరని మడత విప్పి, మళ్ళీ మడతపెట్టి, మళ్ళీ విప్పింది. అరుగు మీద కూర్చున్న అత్త దాలమ్మ చూసి చూసి విసుక్కుంది.

"ఒలే, కుదురుగా కూకోయే! టీవీకి ఎల్తన్నావా, పెల్లికి ఎల్తన్నావా?"

"పెల్లయితే ఇంత గాబరా ఏల అత్తా? అక్కడ తిని వచ్చేడమే గదా."

సాయంత్రం శ్రీకాకుళంలో ఒక కల్యాణమండపంలో కేబుల్ ఛానల్ వాళ్ళు అభ్యర్థుల చర్చ పెట్టారు. ఆ నియోజకవర్గంలో చివరికి బరిలో మిగిలింది ముగ్గురు. గణపతిరావు, జగన్నాధం చెరో పెద్ద పార్టీ. మూడోది గౌరి. ఏ పార్టీ లేదు, బకెట్టు గుర్తు. ఛానల్ విలేకరి శివాజీ పక్క ఊరి కుర్రాడే. ముందురోజే ఫోన్ చేసి, "మూడు కుర్చీలేస్తన్నామక్కా, మూడోది నీదే" అన్నాడు. ఆ మాట అందుకున్న దగ్గర్నుంచి గౌరికి నిద్ర లేదు.

ఆవిడ అంతకుముందు ఎక్కడా మాట్లాడిన మనిషి కాదు. ఎచ్చెర్ల వైపు పల్లెలో పుట్టింది. అయిదో తరగతితో బడి మాన్పించి పశువుల వెనక పంపించారు. సోముల్ని కట్టుకుని గెడ్డవలస వచ్చాక పాడి, పొలం, అత్త, ఇదే లోకం. ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు ఉంది, గెడ్డ అంటారు. దాని మీద దాటడానికి అడుగెత్తు సిమెంటు చప్టా తప్ప వంతెన లేదు. వానొస్తే నీళ్ళు చప్టా మీదుగానే పోతాయి. ఒడ్డున రెండు శంకుస్థాపన రాళ్ళు మాత్రం ఉన్నాయి. ఒకదాని మీద గణపతిరావు పేరు, రెండో దాని మీద జగన్నాధం పేరు. ఇద్దరి ప్రభుత్వాలూ వచ్చాయి, పోయాయి. ఆ రాళ్ళకి ఊరివాళ్ళు మేకలు కట్టుకుంటున్నారు.

కిందటేడు ఎండాకాలంలో పట్టిన అకాల తుఫానుకి గెడ్డ పొంగింది. పాల క్యానుతో బండి మీద వస్తూ సోములు చప్టా మధ్యలో జారిపోయాడు. మర్నాడు దిగువన మొగలిపొదల్లో దొరికాడు. అందరూ వచ్చారు, ఏడ్చారు, వంతెన ఉంటే బతికేవాడన్నారు. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. గౌరి మాత్రం పడలేకపోయింది. వంతెన ఎందుకు కట్టలేదో ఆ ఇద్దర్నీ నలుగురి ముందు ఒక్కసారి అడగాలి. అడగాలంటే వాళ్ళ పక్కన కూర్చోవాలి. అందుకే నామినేషన్ వేసింది. మొగుడు పోయి ఏడాది తిరక్కుండా ఇదేం చోద్యమని ఊరంతా నోరు నొక్కుకుంది. దాలమ్మ ఒక్కతే, "నా కొడుకు కోసమే గదా, ఎల్లనీండి" అంది.

సాయంత్రం మండపం గేటు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. పాసు కావాలట. శివాజీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. లోపల లైట్లు వెలిగాయి, మైకు గరగరలాడింది. ఆవిడ గేటు ఊచలు పట్టుకుని అటూ ఇటూ జరుగుతూనే ఉంది. ఇంతలో టెంటుహౌసు మనిషి ఎర్రగుడ్డ తొడిగిన కుర్చీ ఒకటి నెత్తిన పెట్టుకుని పక్క గుమ్మంలోంచి బయటికొచ్చాడు.

"ఆ కుర్చీ ఎవరిది బాబూ?"

"ఎవరిదో. అక్కర్లేదు తీసెయ్‌మన్నారు."

అతని వెనకే శివాజీ వచ్చాడు. ఆవిడ మొహం చూడకుండా నేలచూపులు చూస్తూ చెప్పాడు. "పైవోలు వొద్దన్నారక్కా. పెద్ద పార్టీలకేనంట. ఇద్దరూ ఒకే మాట మీదున్నారు, నువ్వొస్తే ఆలు రారంట."

"ఓరి, ఊరంతా కొట్టుకు సచ్చే ఇద్దరికీ నా కాడికొచ్చేసరికి ఒక మాట కుదిరిందేటి?"

వాడు లోపలికి పోయాడు. గేటు పక్కన జనం కోసం పెట్టిన పెద్ద తెర మీద యాంకరమ్మ నవ్వుతూ కనిపించింది. "స్వతంత్ర అభ్యర్థి గౌరిగారిని కూడా ఆహ్వానించాం. భర్త మరణ సంతాపంలో ఉన్నందువల్ల ఆవిడ రాలేకపోయారు."

తెరకి పది బారల దూరంలో నిలబడి గౌరి ఆ మాట విన్నది. "నాను ఇక్కడే ఉన్నాను!" అని అరిచింది. ఆ అరుపు మైకు హోరులో కలిసిపోయింది. తెర మీద గణపతిరావు తల పంకించి, కళ్ళు దించుకుని, "పాపం ఆ తల్లి. నేను స్వయంగా వెళ్ళి పలకరిస్తాను" అన్నాడు. చప్పట్లు కొట్టారు.

ఊరు చేరేసరికే ఆ మాట ఇంటింటికీ చేరిపోయింది. తోడికోడలు పద్మకుమారి ఎదురొచ్చింది.

"ఏటే అక్కా, ఎల్లలేదంట గదా? డబ్బులేటైనా ముట్టినాయేటని అందరూ అనుకుంతన్నారు."

"గేటు కాడే నిల్సున్నానే, ఊసలు పట్టుకోని!"

"మరి టీవీలో అలగ సెప్పినారేటి?"

గౌరి గబగబా ఇంటి వైపు నడిచింది. తనని అక్కడ కళ్ళారా చూసిన ఊరిమనిషి ఒక్కరు లేరు, చెవులారా విన్నవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఆ తర్వాత రోజుల్లో ఏ గడపకి ఓటడగడానికి వెళ్ళినా అదే చూపు. ఒక సాయంత్రం కడిగిన గిన్నెలే కడుగుతూ, తన మీద తనే కోపం తెచ్చుకుంటూ, "ఆల మండపం, ఆల కుర్సీ, నన్ను పిలస్తారని ఎలగ అనుకున్నాను అత్తా?" అంది.

దాలమ్మ చుట్ట తీసి పక్కకి ఉమ్మింది. "పెల్లికి పిలుపు గావాలే. సావుకి పిలుపేటి? ఎవులైనా రావొచ్చు, రావాల కూడాను. ఆడు పలకరిస్తానన్నాడు గదా, లోకమంతా ఇన్నాది. రేపేగా నా కొడుకు ఏడాది దినం?"

గౌరి చేతిలో గిన్నె అలాగే ఆగింది.

మర్నాడు ఇంట్లో పిండం కార్యక్రమం కాగానే ఆవిడ చాప, సోములు ఫొటో పట్టుకుని గెడ్డకి వెళ్ళింది. ఎండకి అడ్డంగా ఒక టార్పాలిన్ కట్టి, చప్టా మొదట్లో, రెండు రాళ్ళకీ ఎదురుగా చాప పరిచింది. ఎవర్నీ పిలవలేదు. ఎన్నికల తనిఖీవాళ్ళు జీపు ఆపి, "మీటింగుకి పర్మిషనుందా?" అన్నారు. "మీటింగేటి బాబూ, పరామర్స. కూకోండి మీరూను" అంది దాలమ్మ. వాళ్ళు ఫొటోకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు.

జనం ఒక్కొక్కరే వచ్చారు. రాకపోతే తప్పు కాబట్టి వచ్చారు. పొద్దు నడినెత్తికెక్కాక గణపతిరావు కార్లు ప్రచారానికి అటే వచ్చాయి. అన్నమాట నలుగురికీ గుర్తుంది, ఆగక తప్పలేదు. వెనకే శివాజీ కెమెరా. గణపతిరావు చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, మంచి మనిషి పోయాడన్నాడు.

గౌరి చాప మీద ఎదురుగా జరిగి కూర్చుంది. "బాబూ, మన ముగ్గురికీ మండపంలో కుర్సీలేస్తామన్నారు. నాది తీసేసినారు. రాలేదన్నారు. ఇక్కడ కుర్సీల్లేవు, సాపే. అందుకే అడగతన్నాను. ఆ రాయి మీద పేరు మీదే గదా. వంతెన ఏల కట్టలేదు?"

"అదీ... అంచనాలు మారాయమ్మా. మధ్యలో అవతలివాళ్ళు ఆపేశారు."

"ఆల్ని కూడా అడుగుతాను. మీరు ఏల కట్టలేదు?"

ఆయన నీళ్ళు అడిగాడు. పద్మకుమారి గ్లాసు అందించి, రెండో చేత్తో ఫోను పైకెత్తి పట్టుకుంది. గుంపులో ఎవరో, "సెప్పండి బాబూ, ఇంటన్నాం" అన్నారు. ఆయన గ్లాసు ఖాళీ చేశాడు. చుట్టూ చూశాడు. లేచి కండువా దులుపుకుని, ఊరూరా అలవాటైనట్టే చేతులు జోడించి, "మళ్ళీ వస్తానమ్మా" అనేశాడు.

చావు పలకరింపుకి వచ్చినవాళ్ళు వస్తానని చెప్పి వెళ్ళకూడదు, చెప్పకుండా లేచిపోవాలి. మళ్ళీ వస్తాననడమంటే ఆ ఇంట్లో ఇంకో చావు కోరడమే. చంటిపిల్లలకి కూడా తెలుసు. ఓ ముసలమ్మ "ఓలమ్మో" అని గుండెల మీద చెయ్యేసుకుంది. ఆయనకీ తెలిసింది, మొహం నల్లబడింది.

గౌరి మాత్రం తల తిప్పలేదు. "అనకూడదు బాబూ. అయినా అనేసినారు, అందరూ ఇన్నారు. మాట పోనివ్వకండి. వొచ్చేటప్పుడు ఈ గెడ్డ మీద వంతెన దాటి రండి. అప్పుడు దోసం ఉండదు."

ఆయన కారెక్కాడు. శివాజీ కెమెరా దించి గొణిగాడు. "అక్కా, ఇది మావోలు ఎయ్యనివ్వరు."

"నువ్వెయ్యకపోతే పోనీరా, నా పోన్లో పడింది" అంది పద్మకుమారి. ఫోను చూసుకుంటూనే, తలొంచుకుని, "గేటు కాడే ఉన్నావు గదక్కా నువ్వు" అంది.

ఎండ వాలుతోంది. వచ్చినవాళ్ళు చెప్పకుండా ఒక్కొక్కరే లేచి వెళ్తున్నారు. దాలమ్మ, "ఇంక సాప సుట్టు, పోదాం" అంది. గౌరి చుట్టలేదు. రెండో రాయి మీద జగన్నాధం పేరు చూస్తూ, అక్కడ కట్టిన మేకని కొంచెం పక్కకి జరిపి, మళ్ళీ వచ్చి కూర్చుంది. రోడ్డు వైపు ఏ బండి చప్పుడైనా తలెత్తి చూస్తోంది.