ఆరోగ్యం తెచ్చిన సిలువ

అశ్వారావుపేటలో పసిబిడ్డకు జ్వరం తగిలినా, ఊరికే ఉలిక్కిపడి ఏడ్చినా తల్లులు ముందు దవాఖానాకు, అక్కణ్నుంచి సంపూర్ణమ్మ ఇంటికి వెళ్లేవారు. మిషను దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన మనిషి ఆమె. చేతులకు కొబ్బరినూనె రాసుకుని, గోడ మేకుకు వేలాడే నల్ల ఇనుప సిలువను తీసి, దాని వెనక వైపు బిడ్డ నుదుటికి ఆనించి జపం చెప్పేది. జపం ముగిసేసరికి ఇనుము చల్లదనానికి బిడ్డ నిద్రలోకి జారుకునేది. మందు మాత్రం మానొద్దని తల్లికి గట్టిగా చెప్పి పంపేది.

సిలువ ముందు వైపు నడుమ ఒక గుర్తు ఉంది. దుకాణాల గడపల మీద వేసే స్వస్తిక్ లాంటిదే, కాస్త వాలుగా. తండాల నుంచి వచ్చే తల్లులు బెరుకు పడకుండా సంపూర్ణ ఆ గుర్తు పైకి కనిపించేట్టు పట్టుకునేది. తమ గుర్తూ ఈమె సిలువా ఒకే చోట ఉన్నాయని వాళ్లకు నచ్చేది. ఆమెకూ నచ్చేది.

దాన్ని భర్త ఆరోగ్యం రెండో ప్రపంచయుద్ధం నుంచి తెచ్చాడు. పెళ్లికి ముందు, వంతెనలు కట్టే పటాలంతో ఇటలీ దాకా వెళ్లి వచ్చాడు. తర్వాత కొత్తగూడెం గనుల్లో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. మాట తక్కువ మనిషి. సిలువ ఎక్కడిదని కొత్తలో ఆమె అడిగితే దొరికింది అన్నాడు. ఆ ఒక్క మాటే. ఆయన పోయి ఏళ్లు గడిచినా అంతకుమించి తెలుసుకోవాలని ఆమెకు తోచలేదు.

2006 వానాకాలంలో అల్లుడు బెన్నీ, పామాయిల్ మిల్లులో ఫిట్టరు, సత్తుపల్లి ఇంటర్నెట్ సెంటర్లో అచ్చం అలాంటి సిలువ బొమ్మ చూసి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని చెప్పాడు. అది యేసు సిలువ కాదట. హిట్లర్ సైన్యం తన సిపాయిలకు ఇచ్చిన పతకమట. ఆ గుర్తు పెట్టుకున్నవాళ్లు లక్షల మందిని చంపారట. అంతటితో ఊరుకుంటే పోయేది. చారు కలుపుకుంటూ ఇంకో మాట అన్నాడు.

“దొరికిందంటే ఏడ దొరుకుతది అత్తమ్మా? బజార్ల పడి ఉంటదా? ఏ పీనుగు రొమ్ము మీదనో పీకి ఉంటడు మామ.”

కూతురు ఫ్లోరెన్స్ మొగుణ్ని మోచేత్తో పొడిచింది. బెన్నీ నవ్వు ఆపాడు. మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

సంపూర్ణ సిలువను పాత చీరలో చుట్టి ఆరోగ్యం ట్రంకుపెట్టెలో పెట్టేసింది. బిడ్డలను తెచ్చిన తల్లులకు దారం తెగిందని చెప్పింది. తండా నుంచి వచ్చిన రూప్లి, అయితే కొత్త దారం తానే తెస్తానంది. సంపూర్ణ లోపలికి వెళ్లిపోయింది.

ఆ గుర్తు సంగతి బాధపెట్టకపోలేదు. కానీ లోపల తొలుస్తున్నది వేరే. చచ్చినవాడి ఒంటి మీద చెయ్యి వేసిన మనిషితోనా తను ఇన్నేళ్లు కాపురం చేసింది? గనిలో కప్పు కూలి పోయినవాళ్లను పైకి తెచ్చేటప్పుడు ఆరోగ్యం వాళ్ల చొక్కా గుండీలు పెట్టి, జుట్టు సర్ది తెచ్చేవాడని తోటివాళ్లు చెప్పుకునేవారు. ఆ చేతులేనా ఇవి?

నవంబరు మొదట్లో సమాధుల పండుగ. ఏటా దానికి ముందే ఆయన సమాధికి సున్నం వేయించేది. ఈసారి ఆ మాట ఎత్తలేదు. ఫ్లోరెన్స్ అడిగితే, కొవ్వొత్తి పట్టుకుపోవడానికి మనసు ఒప్పడం లేదంది. పక్కనే ఉన్న బెన్నీ విన్నాడు. తన మాట ఎంత దూరం పోయిందో అప్పుడు అర్థమైంది. ఖమ్మంలో గడియారాలు బాగుచేసే సారంగపాణి పాత నాణేలు, పతకాలు చూసి చెబుతాడని కనుక్కుని, ఆమెను బస్సెక్కించి తీసుకుపోయాడు.

సారంగపాణి కంటికి భూతద్దం బిగించుకున్నాడు. అయస్కాంతం దగ్గర పెడితే సిలువ వచ్చి అంటుకుంది. నకిలీవి ఒకే ముద్దగా పోత పోస్తారన్నాడు. ఇది అలా కాదు, నల్ల ఇనుప బిళ్లను రెండు తెల్ల చట్రాల మధ్య పెట్టి అతికారు. అంచు వెంట అతుకు గీత చూపించాడు. పై రింగు మీద ఉన్న చిన్న అంకె, చేసిన కార్ఖానాది. ఆ అంకెను ఒక లావుపాటి పుస్తకంలో వెతికి, జర్మనీలో పతకాలు చేసే కార్ఖానాలోనే తయారైందని, అసలైనదేనని తేల్చాడు.

బెన్నీ ముఖం వెలిగింది. సంపూర్ణ ముఖం పాలిపోయింది. నకిలీ అయితే పీనుగు మాట అబద్ధమవుతుందని, నకిలీయే కావాలని ఆమె దారి పొడుగునా జపమాల తిప్పుతూ వచ్చింది.

“దీన్ని ఎవరన్న పెట్టుకున్నరా సార్?”

ఆయన తిప్పి చూశాడు. వెనక వైపు నలుపంతా అరిగి ఇనుము తేలి ఉంది. కోటుకు రాసుకుంటే ఇలా అరుగుతుందని, ఎవరో చాలాకాలం పెట్టుకునే ఉంటారని అన్నాడు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. బెన్నీ గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చాడు. ముట్టుకోలేదు. ఇంక దాచేదేముందన్నట్టు, ఆ వైపునే ఇన్నేళ్లుగా పిల్లల నుదుట పెడుతున్నానని, నూనె చేతులతోనే పట్టుకునేదాన్నని చెప్పింది.

సారంగపాణి భూతద్దం మళ్లీ ఎక్కించాడు.

“నుదుటి మీదనా? ఆగమ్మా. దీనికో రిబ్బను ఉండాలె. అదేది?”

రిబ్బను ఉంది. నలుపు, తెలుపు, ఎరుపు చారలది. సిలువకు నల్లది కట్టడం మంచిది కాదని ఆమె కొత్తకోడలుగా ఉన్నప్పుడే దాన్ని పక్కన పెట్టి, తెల్ల నూలు పేని కట్టింది. పారేయబుద్ధి కాక ట్రంకుపెట్టెలో ఉంచింది. ఇప్పుడు సిలువతో పాటు కట్టి తెచ్చిన పాత చీర మూటలోంచి తీసిచ్చింది.

ఆయన దాన్ని బల్ల మీద పరిచి, చివర్నుంచి చివరి దాకా భూతద్దంతో వెతికాడు. పతకం చేతికొచ్చిన సిపాయి మొదట చేసే పని రిబ్బను కత్తిరించి చొక్కాకు కుట్టుకోవడమట. దీన్ని కత్తెర తాకలేదు. సూది బెజ్జం ఒక్కటి లేదు. కార్ఖానాలో పెట్టిన మడతలు అలాగే ఉన్నాయి.

“ఇది ఎవరి రొమ్ము మీదికీ ఎక్కలేదమ్మా. అరగదీసింది మీ పిల్లలే. పొట్లంల పెట్టి గోదాముల ఉంచిన సరుకిది. పంచకముందే వాళ్లు వదిలేసి పోయి ఉంటరు. మీ ఆయనకు దొరికింది.”

“దొరికింది,” అంది సంపూర్ణ. “అవ్. ఆయన గదే అన్నడు.”

గ్లాసు అందుకుని మొత్తం తాగింది. తర్వాత ఆ గుర్తు గురించి బెన్నీ చెప్పింది నిజమేనా అని అడిగింది. అది మాత్రం నిజమేనన్నాడు సారంగపాణి. ఆమె తల ఊపి, సిలువనూ రిబ్బన్నూ కలిపి చీరలో కట్టుకుంది.

ఇల్లు చేరేసరికి రూప్లి అరుగు మీద ఉంది, ఒళ్లో బిడ్డ, చేతిలో కొత్త దారం. సంపూర్ణ మూట ట్రంకుపెట్టెలో పెట్టి వచ్చి, బొటనవేలు నూనెలో ముంచి బిడ్డ నుదుట సిలువ గీసింది.

“ఇనుము ఏది అవ్వా?”

“ముసల్దైంది. పడుకోబెట్టిన.”

“అది సల్లగుండె. నీ వేలు వేడిగుంది.”

“అయితే తడిగుడ్డ వెయ్యి. ముందు మందు పోసినవా లేదా?”

సమాధికి సున్నం బెన్నీ తనే వేశాడు, ఎవరూ చెప్పకుండానే. తల వైపు ఒక మూల వదిలేశాడని సంపూర్ణ కసిరి, అతని చేత మళ్లీ వేయించింది. పండుగ సాయంత్రం కొవ్వొత్తి వెలిగించి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి చాలాసేపు కూర్చుంది. లేచేముందు ఆయనతో అంది.

“ఇంకో నాలుగు మాటలు చెప్తే నీ నోరు అరిగిపోవునా?”