మిరప పట్టా డేరా

ఆ రోజుల్లో నాకు రెండే కోరికలుండేవి. ఒకటి, మోటారు సైకిలు మీద ఒక్కడినే లడఖ్ వెళ్ళడం. రెండోది, వెళ్ళొచ్చాక ఆ సంగతి అడగనివాళ్ళకి కూడా చెప్పడం. (మొదటిది ఎప్పుడో తీరింది. రెండోది ఇదిగో, ఇప్పటికీ తీరుతూనే ఉంది.) ఇంజనీరింగు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. నాన్న పాత బండి మీద పొన్నూరుకీ మా ఊరికీ మధ్య తిరుగుతూ, ఎవరెవరో కొండల్లో డేరాలు వేసుకున్న వీడియోలు ఫోన్లో చూసి నిట్టూర్చేవాణ్ణి. లాడ్జీల ఖర్చు లేకుండా దారి పక్కనే డేరా వేసుకుంటూ పోతానని ఒకరోజు నాన్నతో అనేశాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "ముందు ఈ చుట్టుపక్కలే ఒక్క రాత్రి ఒంటరిగా పడుకుని రా. చుట్టాలింటి గడప తొక్కకూడదు. నెగ్గితే బండి తాళం నీది. ఓడితే లడఖ్ మాట మళ్ళీ ఎత్తకూడదు" అన్నారు. "గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మనకి చుట్టాల్లేని ఊరెక్కడుందిరా పిచ్చోడా!" అని వంటింట్లోంచి అమ్మ కేకేసింది. నేను వినిపించుకోలేదు.

డేరా ధర చూస్తే కళ్ళు తిరిగాయి. అందుకని పాకలోంచి నీలం టార్పాలిన్ పట్టా ఒకటి లాగాను. నిరుడు మా కళ్ళంలో మిరపకాయల మీద సీజనంతా కప్పిన పట్టా అది. దులపాలన్న ఆలోచన కూడా రాలేదు. మిరప రైతు కొడుకుని, నాకు ఘాటేమిటి! తాళ్ళతో వెనక సీటుకి కట్టి, పొట్లంలో పులిహోర పెట్టుకుని, గ్రానైటు రాళ్ళ లారీల వెనక దుమ్ము తాగుతూ మార్టూరు దాటాను. పత్తి చేల మధ్య మట్టిరోడ్డు కనబడగానే దిగిపోయి, రెండు తుమ్మచెట్లకి పట్టా కట్టి ఫోటో తీసుకున్నాను. ఇంకా పొద్దుగూకలేదు. పురుగూ పుట్రా రాకుండా రెండు వైపులా మూసి లోపల పడుకున్నాను.

పగలంతా ఎండకి కాగిన పట్టా అది. క్షణాల్లో తుమ్ములు మొదలయ్యాయి. అవి ఆగకముందే కళ్ళు మండాయి. పట్టా కట్టిన చేతులతోనే ఆ కళ్ళు నలుపుకున్నాను. (ఇంజనీరునని చెప్పాను కదా.) బయటికి దూకి, గట్టు మీద కూలబడి, తువ్వాల్లో మొహం దాచుకుని ముక్కు ఎగబీలుస్తుంటే తలమీద చెయ్యి పడింది. చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని, మిరపకాయల కోతకెళ్ళి తిరిగొస్తున్న పెద్దావిడ.

"ఏం నాయనా, ఎందుకేడుస్తున్నావు?"

"ఏడవట్లేదండీ, మిరపకాయ ఘాటు."

"పొద్దుట్నుంచీ కాయలు కోసొస్తున్నా, నాకు లేని ఘాటు నీకెక్కణ్ణుంచొచ్చిందయ్యా? ఇంట్లో చెప్పే వచ్చావా?"

"మా నాన్నే పంపించారండీ."

"కన్నతండ్రే వెళ్ళగొట్టాడా! ఈ చుట్టుపక్కల మీకు చుట్టాలెవరూ లేరా?"

"ఉన్నా వెళ్ళకూడదండీ."

"ఓరి నాయనో, చుట్టాల మొహం కూడా చూడనంత కష్టమా!" అంటూ ఆవిడ కూడా కళ్ళొత్తుకుంది. ఇక నేను నోరు విప్పినకొద్దీ నా కథ విషాదమైపోతోంది. ఏ ఊరని అడిగింది, చెప్పాను. ఇంటిపేరడిగింది. అక్కడ నోరు కట్టేసుకోవాల్సింది, అదీ చెప్పాను.

"మీ మేనత్తనిచ్చింది మా చిన్నమామ కొడుక్కేగా! అయితే వరసకి నేను నీకు అత్తని. లే, ఇంటికి పద" అని బండి తాళం తీసి కొంగున ముడేసుకుంది. తాళం పోయాక వీరుడేం చేస్తాడు, బండి తోసుకుంటూ వెనకాలే నడిచాను.

చేతులకి కొబ్బరినూనె రాసి, మొహం కడిగించి, వేడన్నంలో నెయ్యీ పండుమిరపకాయ పచ్చడీ వేసింది. (పచ్చడి మారు కూడా అడిగి వేయించుకున్నాను. ఏడుస్తూనే తిన్నాను.) నేను తింటుండగానే నాన్నకి ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీ వాడు మా చేను గట్టున ఏడుస్తూ దొరికాడు. ఇంటికొచ్చాక ఒక్క మాటన్నావంటే నా మీద ఒట్టే!" అవతల నాన్న చాలాసేపు దగ్గారు. అది నవ్వని నాకొక్కడికే తెలుసు. పొద్దున్నే లేచి చూస్తే, మంచు పడుతోందని ఆవిడ భర్త, అంటే వరసకి మావయ్య, చెట్లకున్న నా డేరాని విప్పి తెచ్చి తమ కాయల మీద కప్పేశాడు. తిరిగి అడగబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి తాళం నాన్న ముందు పెట్టాను. "ఓడిపోయాను" అన్నాను. లడఖ్ పోయిందని నిజంగానే ఏడుపొచ్చింది, ఈసారి ఘాటేమీ లేదు. ఆయన తాళం మళ్ళీ నా వైపే జరిపారు. "వెళ్ళిరా. ఒంటరిగా ఎక్కడ పడి ఉంటావోనని ఇన్నాళ్ళూ భయపడ్డా. నువ్వెక్కడ కూలబడినా ఎవరో ఒకరు లేపి అన్నం పెడతారని తెలిసిపోయిందిగా" అన్నారు.

వెళ్ళొచ్చాను. కొండలు గొప్పగానే ఉన్నాయి. మొదటి సాయంత్రం సెకండ్ హ్యాండ్ డేరా ముందు, చలికి వణుకుతూ చాలాసేపు కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు చెయ్యూపారు, నవ్వారు. ఇంటిపేరు మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు జుట్టు అక్కడక్కడా నెరిసింది, బండి మారింది, మంచి డేరా కూడా కొన్నాను. అయినా మార్టూరు దాటి ఆ మట్టిరోడ్డు దగ్గరకొచ్చేసరికి వేగం తగ్గించి, హెల్మెట్ అద్దం పైకెత్తుతాను. కాయల కోత నుంచి ఎవరైనా ఎదురొస్తుంటే, ఎందుకైనా మంచిదని కాస్త కళ్ళు కూడా నలుపుకుంటాను.