ఆషాఢంలో నిలబడిపోయిన ఎత్తుబండి

మీరు బండి కొన్నది ఇంట్లో మనుషుల కోసమా, పంచాంగం కోసమా?

కోపంతో అడగడం లేదు. ఖమ్మంలో నేనుండే అపార్ట్‌మెంటు కింద మొన్న ఒక కొత్త బండి వచ్చి నిలబడింది. కారు నునుపూ జీపు ఎత్తూ కలిపి చేసినట్టుండే ఇలాంటి బండ్లను క్రాసోవర్ అంటారట. మా పక్కింటాయన తన పాత పొడుగు కారును అమ్మేసి దీన్ని తెచ్చుకున్నాడు. లిఫ్టు దగ్గర నన్ను ఆపి, ఇంటిల్లిపాదీ సామాన్లతో సహా ఎక్కే ఆ పాతదాని లోటు ఇది తీరుస్తుందంటారా అని అడిగాడు. తీరుస్తుందో లేదో ఎక్కి చూస్తే తెలుస్తుంది కదా అందామంటే, దానికి ముసుగు తొడిగి ఉంది. ఆషాఢం వెళ్లాకే తీస్తారట. ఆ ముసుగును చూస్తూ నేను లిఫ్టు ఎక్కడం కూడా మరిచిపోయి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊరి వాకిట్లో అలాగే నిలబడిపోయిన ఇంకో బండి దగ్గరికి వెళ్లిపోయాను.

మా ఊరు చండ్రుగొండకు లోపలగా, అడవి అంచున ఉంటుంది. నేను అప్పుడు కల్లూరులో టీచరును. వారమంతా బడి, ఆదివారాలు సభలు. బాణామతి, గ్రహణం, వాస్తు, దేన్నీ వదిలేదాన్ని కాను. రుజువు చూపండి అని వేదిక మీద నేను గొంతెత్తితే ఎదుటివాళ్లు తడుముకునేవారు. మా ఇంట్లో మాత్రం ఎవరూ తడుముకునేవారు కాదు, ఎందుకంటే ఎవరూ వినేవారు కాదు.

మా ఇంటి పొడుగు కారును నాన్న కొత్తగూడెంలో, బొగ్గుగనుల్లో పనిచేసి రిటైరై సొంతూరు వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. మామూలు కార్లకు డిక్కీ ఉండే చోట దీనికి కప్పు వెనకదాకా సాగి ఉండేది, అక్కడ నాన్న వడ్రంగి చేత ఎదురుబదురుగా రెండు బల్లలు వేయించాడు. ముందు సీట్లు పెద్దవాళ్లకు, వెనక బల్లలు మాకు. మోకాళ్లు మోకాళ్లకు తగులుతుంటే, ఒళ్లో ఎవరి పిల్లలో, కాళ్ల కింద మిర్చి బస్తానో పులిహోర గిన్నెనో పెట్టుకుని, భద్రాచలం కల్యాణానికి వెళ్లినా పెళ్లిచూపులకు వెళ్లినా అందులోనే. మేం నలుగురం పిల్లలమూ పుట్టి ఇంటికి వచ్చింది అందులోనే గనుక అది మాకు కలిసొచ్చిన బండి అని అమ్మ నమ్మకం. మరి నాన్న కాలు విరగ్గొట్టుకుని వచ్చిందీ అందులోనే కదా అంటే, అందుకే కాలుతో పోయింది అనేది.

మిర్చికి మంచి ధర వచ్చిన ఏడు మా అన్న జీపులా ఎత్తుగా ఉండే కొత్త బండి కొన్నాడు. ఊళ్లో దాని పేరే ఎత్తుబండి. మా చిన్నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "గిది ఎక్కాలంటే నిచ్చెన గిట్ల ఇస్తరా, మనమే తెచ్చుకోవాల్నా?" అని అడిగాడు. అమ్మ అయితే దాని దగ్గరికే రాలేదు. మోకాళ్ల నొప్పుల మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గుర్రమెక్కినట్టు ఎక్కడం తన వల్ల కాదనీ, తను బతికుండగా పొడుగు కారును అమ్మితే ఊరుకోననీ తేల్చి చెప్పింది. నాన్న పాతదాని తాళంచెవిని ఎప్పటిలాగే గుమ్మం పక్క మేకుకు తగిలించి పొలానికి వెళ్లిపోయాడు. ఊరు రెండు పక్షాలైంది, పాతది ఉండాలనేవాళ్లూ కొత్తదే చాలనేవాళ్లూ. నేను కొత్తదాని పక్షం, కారణం ఒకటే, మా దారిలో గుంతలు.

కానీ తీర్పు చెప్పాలంటే బండి కదలాలి. కొత్త బండి మొదటి ప్రయాణం భద్రాచలం రాముడి దగ్గరికే అని మా వైపు ఆనవాయితీ. అన్న ముహూర్తం పెట్టించుకునేలోగా పాలివాళ్లలో ఒక ముసలాయన పోయి మైల వచ్చింది, మైల తీరేలోగా ఆషాఢం వచ్చింది. బండి సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లైనా తీయకుండా, పైన టార్పాలిన్‌తో వాకిట్లో నిలబడిపోయింది. మరి ఖమ్మం నుంచి మన ఊరిదాకా ఎగురుకుంటూ వచ్చిందా అని నేనడిగితే అన్న తొణకలేదు. అది తెచ్చుకోవడమట, ప్రయాణం వేరట. సభల్లో నాకు చప్పట్లు తెచ్చిన వాదం ఒకటి తీశాను. వశిష్ఠుడంతటివాడు పెట్టిన ముహూర్తానికి రాముడు సింహాసనం ఎక్కాడా, అడవికి వెళ్లాడా?

"గంత పెద్ద మునికే తప్పు పోయిందంటే, మనం ఇంకెంత పదిలంగ ఉండాలె చెల్లె," అన్నాడు అన్న.

చప్పట్లు కొట్టేవాళ్లు అక్కడ ఉంటే ఆయనకే కొట్టేవారు.

ఆ వానల్లో అన్న కూతురికి జ్వరం వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. అడవి అంచున వానాకాలం జ్వరం ఎవరికీ వింత కాదు గనుక ఊరి డాక్టరు వచ్చి సూది వేసి వెళ్లాడు. ఆ ఆదివారం సభ లేక నేను ఇంటికి వచ్చేసరికి పిల్ల వణుకుతోంది, ఏదేదో మాట్లాడుతోంది, మధ్యాహ్నానికి వదినను చూసి ఎవరు నువ్వు అంది. చలిజ్వరం తలకెక్కితే ఇలాగే ఉంటుందని నాకు తెలుసు, ఖమ్మం పెద్ద దవాఖానాకు చేర్చడం తప్ప మరో మాట లేదని కూడా తెలుసు. పిలిస్తే వచ్చే అంబులెన్సులు అప్పటికి మా దాకా రాలేదు. ట్రాక్టర్లన్నీ వాగు అవతల పొలాల్లో చిక్కుకుపోయాయి.

అన్న పొడుగు కారు తీశాడు. రోడ్డుకు అడ్డంగా ఉన్న వాగు, పొద్దున నేను దాటి వచ్చాక పొంగి, చప్టా మీద నుంచి పారుతోంది. పారే నీళ్లలోకి బండి దించడానికి అన్నా ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మిగిలింది అడవిలోంచి గూడెం మీదుగా చుట్టుతిరిగే ఎడ్లబండ్ల బాట. ఆ బాటలో చక్రాల జాడలు రెండూ లోతుగా దిగిపోయి, మధ్యలో మట్టికట్ట మిగిలి ఉంటుంది. అడవి మొదలైన కాసేపటికే మా పొడుగు కారు పొట్ట ఆ కట్ట మీద కూర్చుంది, చక్రాలు గాల్లో తిరిగాయి. ఇంతమందిని ఇన్నేళ్లు మోసిన బండి, ఒక్క పిల్లను మోయలేక అక్కడే ఆగిపోయింది. అన్న కూతుర్ని భుజాన వేసుకుని, నేను గొడుగు పట్టుకుని, వదిన ఏడుస్తూ, బురదలో నడిచి ఇంటికి తిరిగి వచ్చాం.

వాకిట్లో ఎత్తుబండి ఉంది. దాని పొట్ట కింద కోడి ఒకటి తలెత్తుకుని తిరుగుతోంది, అంత ఎత్తు. నేను తీయమన్నాను. అన్న తీయలేదు.

ఆయన్ను మూర్ఖుడనుకోకండి. ఆ రోజు ఆయన ముఖం చూసినవాళ్లెవరూ అనుకోరు. మా బంధువుల్లో ఒకరు కొత్త ట్రాక్టరును పూజ కాకముందే శవాన్ని తేవడానికి వాడారనీ, తర్వాత అది బోల్తా పడిందనీ అన్న చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాడు. ఆషాఢంలో, పూజ లేని బండిలో, మొదటి ప్రయాణమే దవాఖానాకైతే ఆ కీడు పిల్లకే తగులుతుందని ఆయన భయం. బండి మీద ప్రేమతో కాదు, పిల్ల మీద ప్రేమతోనే బండిని ఆపాడు. నా జీవితంలో ఎన్ని సభల్లో వాదించానో, ఆ వాకిట్లో మాత్రం వాదించలేదు. అరిచాను. అరుపు వాదం కాదు.

అప్పుడు అమ్మ బయటికి వచ్చింది. టార్పాలిన్ అంచు పట్టుకుని లాగింది, అది సగం జారింది. తలుపు తీసి, ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, రెండోదానితో సీటు పట్టుకుని, ఎవరి సాయమూ తీసుకోకుండా, మోకాలు పైకి రానని మొండికేస్తుంటే దాన్ని చేత్తోనే ఎత్తి పెట్టుకుని, ఎక్కి కూర్చుంది. ఒడి చాపింది, పిల్లను పెట్టమని.

"అమ్మా, రాముడి దగ్గరికి పోకుండ..." అన్నాడు అన్న.

"గుడి యాడికి పోదు బిడ్డా. పిల్ల పోతది. నడుపు," అంది అమ్మ.

అంతే. అన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు.

అడవి బాటలో ఆ బండి మట్టికట్టను తాకకుండా దాటుకుంటూ పోయింది. పక్కకు ఒరిగిన పొడుగు కారును తప్పించుకుని పోతుంటే అమ్మ తల తిప్పి దానివైపు చూడనైనా లేదు. గూడెం దగ్గర పెద్ద బురదగుంత ఉంటే, అక్కడి మనుషులు పిల్లను చూసి తమ భాషలో ఏదో అనుకుని, చెట్టుకొమ్మలు నరికి గుంతలో పరిచి, వెనక నుంచి తోశారు. దారి పొడవునా పిల్ల వాంతులు చేసుకుంది. ప్రతి కుదుపుకూ అమ్మ మూలిగింది, రామా అనుకుంది, ఆపమని మాత్రం అనలేదు. పొద్దు ఉండగానే ఖమ్మం చేరాం. రక్తం పరీక్ష చేశారు, మలేరియా మెదడుకు పాకిందన్నారు, అప్పటికప్పుడే మందు ఎక్కించారు.

మర్నాడు పిల్ల కళ్లు తెరిచింది. వదినను అమ్మా అని పిలిచింది. తర్వాత అన్నవైపు చూసి, "నాయినా, బండంత ఖరాబు జేసిన్నా?" అని అడిగింది. కవర్లు ముట్టుకుంటే ఊరుకోనని పిల్లలను అదిలించిన మనిషి, వార్డులో అందరి ముందూ కూర్చుని ఏడ్చాడు. నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ గోడ చల్లదనం ఇప్పటికీ నా వీపుకు గుర్తుంది. ఒళ్లంతా తేలికైపోవడం అంటే ఏమిటో నాకు తెలిసింది ఆ ఉదయమే.

శ్రావణంలో అన్న బండిని భద్రాచలం తీసుకెళ్లాడు. మొదటి ప్రయాణం దవాఖానాకు అయిందని పూజారితో దాచకుండా చెబితే, ఆయన పిల్ల ఎట్లా ఉందని మాత్రమే అడిగి, గుమ్మడికాయ కొట్టాడట. నేను గోదావరి గట్టున కూర్చుని టీ తాగుతున్నాను గనుక చూడలేదు.

ఎత్తుబండి పొడుగు కారు స్థానంలోకి వచ్చేసింది, రానివ్వండి, అందుకు నాకు విచారం లేదు. ఇప్పుడు మా వాగు మీద వంతెన ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, అడవి అంచు పిల్లలకు రక్తపరీక్ష ఊళ్లోనే జరుగుతుంది. ఇవన్నీ తలచుకుంటే గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు. పోయింది ఒక్కటే. నాన్న తన పొడుగు కారు తాళంచెవిని గుమ్మం పక్క మేకుకు తగిలించేవాడు, అది ఎక్కడుంటుందో ఊరందరికీ తెలుసు, ఎవరింట్లో ఎవరు పడిపోయినా అడగకుండా తీసుకెళ్లేవారు. ఇప్పుడు నా కిందా పైనా ఉన్న ఇళ్లవాళ్లకు ఎన్ని బండ్లున్నాయో, ఒక్కదాని తాళం ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. బండ్ల ఎత్తు పెరిగింది, అద్దాలు నల్లబడ్డాయి, వెనక సీట్లు ఖాళీగా తిరుగుతున్నాయి.

కాబట్టి ఈ పేజీ పక్కన పెట్టి లేవండి. పక్కింటి తలుపు తట్టి, మీ బండి తాళం ఎక్కడ పెడతారో చెప్పండి. ఏ మాసమైనా, ఏ వేళైనా, అడగకుండానే తీసుకోమనండి.